వెంకటాచలము ఇండ్లలో అలంకార చరిత్ర

నెల్లూరికి దక్షిణముగా, చెన్నపట్టణమునకు పోవు రాచబాట మీద నున్న వెంకటాచలములో ఇంటి లోపలి సొగసులకు చరిత్ర వ్రాయబూనినవాడు ముందుగా ఆ ఊరికి చేరిన బాటలను తెలిసికొనవలెను. ఏలయన ఇచటి గోడలెక్కిన కొత్త వేడుకలలో అనేకము దూరము నుండి వచ్చిన బొమ్మలను చూచి నేర్చినవే.

పూర్వము ఈ సీమలో పేదల పూరిండ్లు మట్టిగోడలతోను, కలిగినవారి మిద్దెలు సున్నపు గచ్చుతోను ఉండెడివి. అలంకారమంతయు ఇల్లాలి చేతిది. సంక్రాంతికి ముందు గోడలకు వెల్లవేయుట, ఆ సున్నము తళతళలాడుటకు చిటికెడు నీలిమందు కలుపుట, గడపకు పసుపు పూసి బొట్లు పెట్టుట, అలికిన నేలపై ముగ్గు తీర్చుట ఆమె పనులు. గోడలో తొలిచిన గూటిలో దీపము వెలుగుచుండ, పైభాగమున ఏడాది పొడుగున పేరుకొన్న మసిని పండుగనాటి సున్నము కప్పివేయుచుండెను.

1894లో చిత్రకారుడు రవివర్మ బొంబాయిలో అచ్చుకూటము నెలకొల్పుటయు, 1899 నాటికి బెజవాడకును మద్రాసుకును ఈ సీమ మీదుగా రైలుమార్గము కలియుటయు ఈ చరిత్రలో గణింపదగిన ఘట్టములు. చీరకట్టిన లక్ష్మియు, వీణ చేతబట్టిన సరస్వతియు అచ్చుబొమ్మలై తెలుగునాట సామాన్యుల ఇండ్లకు సైతము చేరిరి. వారి వెనుక శివకాశి క్యాలెండర్లు బయలుదేరినవి. ఆ పటములను చూరు దరిదాపున మేకులకు పురికొసతో వ్రేలాడదీసి, క్రింద చాపమీద కూర్చున్నవారికి కనబడునట్లు ముందుకు వాల్చి కట్టెడివారు. అనగా, బొమ్మ ఎంత దూరము నుండి వచ్చినను, ఆ ఇంటివారి కూర్చుండు తీరుకు లోబడియే గోడనెక్కెను.

తరువాత ఎర్రరంగు కలిపిన సిమెంటు గచ్చు వచ్చెను. దానిని మొజాయిక్కు, మొజాయిక్కును టైల్సు వెడలగొట్టినవి. టీవీ వచ్చిన దినములలో షోకేసు లేని హాలు హాలు కాదనిపించుకొనెను. దాని అద్దముల వెనుక పాలరాతి తాజమహలు బొమ్మ, పిల్లవాడు బడిలో గెలిచిన కప్పు, ఎవరును తాగని పింగాణీ కప్పులు కొలువుదీరి యుండెడివి. అందున్న ప్రతి వస్తువునకును ఆ ఇంటి బ్రతుకుతో ఏదో యొక సంబంధముండెను.

2008లో చేరువనున్న కృష్ణపట్టణపు రేవు తెరువబడినది. అదే సంవత్సరమున విక్రమ సింహపురి విశ్వవిద్యాలయము స్థాపితమైనది. రాచబాట అప్పటికే నాలుగు వరుసలై యుండెను. వీనిచే ఊరిలో స్థలములకు గిరాకి పెరిగినది. 2010లో పుట్టిన ఇన్‌స్టాగ్రామ్, పిన్‌టరెస్టులు, 2016లో జియో రాకతో డేటా చౌకయగుటచే పల్లెవాసుల చేతిలోనికిని వచ్చినవి. 2020లో రీల్స్ వచ్చి వేగమును మరింత హెచ్చించినవి. చూపు క్షణకాలము నిలిచిన బొమ్మను బోలిన బొమ్మలనే మరల మరల ముందుకు తెచ్చుట ఈ యంత్రముల స్వభావము. కావున బూడిదరంగు గోడ, ఫాల్స్ సీలింగు, దాని అంచున దాగిన ఎల్‌ఈడీ వెలుగు, చెక్కపట్టీల టీవీ యూనిట్టు విశాఖలోను వెంకటాచలములోను ఒక్క అచ్చున పోసినట్లుండుట వింత గాదు.

నేడు వడ్రంగి వచ్చుసరికే ఇల్లాలి ఫోనులో బొమ్మ సిద్ధముగా నుండును. అతడు రెండు వ్రేళ్లతో దానిని పెద్దది చేసి, అరల అతుకులు పరికించి, టేపు గోడకు పట్టి, “అక్కా, మన హాలు పదడుగులే గదా, ఫోటోలోది ఇరవై ఉంటాది” అనును. ఆ బొమ్మను విశాలముగా చూపు కటకముతో, దీపములమర్చి తీసిరనియు, అందులో ఎవరును బట్టలారవేయలేదనియు చెప్పు నాథుడుండడు. ఈశాన్యపు వానలు పట్టినపుడు చెమ్మగిల్లు గోడకు బిగించిన చవుక ప్లైవుడ్డు ఉబ్బును. సీలింగు పలకపై మరకలు దేలును. పూర్వపు సున్నము ఆ చెమ్మను పీల్చి మరల గాలికి విడుచుచుండెను.

అయినను ఈ మాధ్యమములను కేవలము నిందించుట న్యాయము గాదు. చెట్టినాటి ఆత్తంగుడి పలకలు, శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రములు, తాతలనాటి ఉయ్యాలబల్ల, ఒకనాడు పాతదని పగులగొట్టించిన ఎర్రగచ్చు, ఇవన్నియు ఫోను మూలముననే మరల గౌరవమొందుచున్నవి. చేతిపనివారికి దూరపు బేరములును దొరకుచున్నవి. ఏనాడును బయటి బొమ్మను కాదనని ఊరిది. పటమును చూరుక్రింద వాల్చి కట్టిన నాటి వివేకము మాత్రము నేడు సన్నగిల్లినది. కావున కొత్తగా ఇల్లు కట్టుకొనువారికి ఒక మనవి: మేస్త్రికి ఫోను చూపుటకు ముందు, కార్తికమాసములో ఏ గోడ చెమ్మగిల్లునో, మధ్యాహ్నమున ఏ కిటికీ నుండి గాలి వచ్చునో అతనిని అడిగి తెలిసికొనుడు, ఆ పిమ్మటనే బొమ్మను ఎన్నుకొనుడు.