బాగ్దాద్ దొంగ, మైసూరు బిడ్డ

‘ద థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ లండన్‌లో మొదలైంది. ఇంతలో జంగ్ వచ్చిపడింది. మిగతాది హాలీవుడ్‌లో తీసి 1940లో వదిలారు. మూడు ఆస్కార్లు దక్కాయి. ఎగిరే గుర్రం, సీసాలోంచి లేచే జిన్ను, తివాచీ మీద సవారీ... నేనెన్నిసార్లు చూసినా ఆ మజా తగ్గలేదు.

కానీ చెహరాలు ఓసారి చూడండి. బాద్‌షా అహ్మద్‌గా వేసింది అంగ్రేజు జాన్ జస్టిన్. జాలిమ్ వజీర్ జాఫర్ జర్మనీవాడు కాన్రాడ్ వైట్. ఈ బాగ్దాద్ కిస్సాలో పెద్ద వేషం దక్కిన ముసల్మాన్ బిడ్డ సాబు. ఆ వేషం దొంగది!

సాబు 1924లో మైసూరు రియాసత్‌లోని కారాపురలో పుట్టాడు. అబ్బా మహారాజా ఏనుగులకు మావటి. చిన్నప్పుడే యతీమ్ అయ్యాడు. 1937లో ‘ఎలిఫెంట్ బాయ్’తో దునియాకు తెలిశాడు. 1944లో అమెరికా పౌరసత్వం తీసుకుని వైమానిక దళంలో చేరాడు. బాంబర్ విమానం తోకలో కూచుని తుపాకీ పేల్చే పని. ఆ బహాదురీకి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు. జంగ్ నుంచి తిరిగొచ్చాక హాలీవుడ్ ఇచ్చింది మాత్రం ఎక్కువగా అడవులు, పులుల కథలే. 1963లో, 39 ఏళ్లకే, గుండెపోటుతో ఇంతెఖాల్ అయ్యాడు.

మీ పిల్లలకు ఈ సినిమా చూపిస్తే ఒక్క మాట చెప్పండి. జిన్నును హిక్మత్‌తో మళ్లీ సీసాలోకి దింపింది బాద్‌షా కాదు, మన సాబూనే.