వేపథువు, విషాదము

జల్‌పల్లిలో ఒక యింటి అరుగుమీద కూర్చున్న వృద్ధుని ఊహించుకొనుడు. చేయి వణకుచున్నది, చాయ్ కప్పు సాసరుపై చప్పుడు చేయుచున్నది. ఆ వణకు ఇంటిల్లిపాదికిని తెలియును. కాని ఆయన మాటలు తగ్గినవి, మిత్రులు వచ్చినను లోపలనే యుండుచున్నాడు. దీనిని ముసలితనమని సరిపెట్టుకొందురు. ఈ రెండవ బాధ వ్యాధిలోని భాగమే యని గ్రహించుటకు వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది.

చరక సంహిత సూత్రస్థానమున 80 వాతవికారములు లెక్కింపబడినవి. అందు వేపథువు, అనగా వణకు, ఒకటి. దానికి చేరువనే విషాదము మరియొకటి. అవి ఒకే వ్యాధి లక్షణములని ఆ గ్రంథము చెప్పలేదు. కాని రెంటిని ఒకే పట్టికలో చేర్చినది.

1817లో లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఆరుగురు రోగులను గూర్చి వ్రాయుచు, ఈ వ్యాధిలో ఇంద్రియములకును బుద్ధికిని హాని లేదనెను. తరువాత ఫ్రాన్సు వైద్యుడు షార్కో దీనికి పార్కిన్సన్ పేరు పెట్టెను. వైద్యుల దృష్టి చిరకాలము చేతులపైనను నడకపైనను నిలిచెను.

ఆ దృష్టిని మెదడులోనికి మరల్చుటలో మన నేలపై పెరుగు రెండు మొక్కలకు పాలున్నది. మొదటిది సర్పగంధ. రక్తపుపోటుకును ఉన్మాదమునకును దాని వాడుకను 1931లో సేన్, బోస్ ప్రకటించిరి. దానినుండి 1952లో రిసర్పిన్ వేరుచేయబడెను. ఆ మందు వాడిన కొందరికి వణకు, బిగువు కలిగినవి. కొందరు దిగులుపాలైరని వైద్యులు వ్రాసిరి. ఈ దిగులు మాట నేటికిని వాదగ్రస్తమే. 1957లో స్వీడనులో కార్ల్‌సన్ రిసర్పిన్‌తో నిశ్చేష్టములైన కుందేళ్లకు డోపా నిచ్చి కదలించెను. 1960లో వియన్నాలో రోగుల మెదళ్లలో డోపమిన్ కొరత కనుగొనబడెను. ఆ డోపాను 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి మన దూలగొండి గింజలనుండి వేరుచేసి యుండిరి! 1967లో కొట్జియాస్ మోతాదు క్రమముగా పెంచి రోగులకు మేలు చూపెను.

అయినను వణకు తగ్గిన వారందరికిని దిగులు తగ్గలేదు. ఈ వ్యాధిలో డోపమిన్ ఒక్కటియే గాక సెరొటోనిన్, నారడ్రినలిన్ అను రసాయనములును క్షీణించునని తరువాత తెలిసినది. పదిమంది రోగులలో సుమారు ముగ్గురు నలుగురికి గుర్తింపదగిన దిగులుండును. కొందరికది వణకునకు ఏండ్ల ముందే వచ్చును. ముఖకండరములు బిగిసి భావము కనబడనందున ఇంటివారు దానిని పోల్చలేరు.

దీనికి చికిత్స కలదు: దిగులు తగ్గించు మందులు, మానసిక వైద్యుని సంభాషణ, నిత్య వ్యాయామము. దూలగొండి పొడిని సొంతముగా వాడుట మాత్రము ప్రమాదము. కావున వైద్యునివద్దకు పోయినపుడు చేతి వణకుతోపాటు నిద్ర, ఆకలి, ఉత్సాహము ఎట్లున్నవో కూడ చెప్పుడు. అరుగుమీది పెద్దాయన తానై చెప్పుకొనడు, మనమే అడుగవలెను.