దోస్తులు దుష్మన్లయిన కథ

1945లో కలిసి హిట్లర్‌ని ఓడించిన అమెరికా, సోవియట్ యూనియన్లు రెండేళ్లకే బద్ధ విరోధులయ్యాయి. ఒకరిది పెట్టుబడిదారీ విధానం, మరొకరిది కమ్యూనిజం. ఒకరిపై ఒకరికి నమ్మకం లేదు. 1949లో నాటో కూటమి, 1955లో వార్సా కూటమి ఏర్పడ్డాయి.

1961 ఆగస్టు 13న బెర్లిన్ నగరం నడుమ రాత్రికి రాత్రే ముళ్లకంచె వేశారు. తర్వాత అదే గోడయింది. అన్న ఇటు, తమ్ముడు అటు! 1962లో క్యూబా క్షిపణుల గొడవతో అణుయుద్ధం గుమ్మందాకా వచ్చింది. ఈ ఇద్దరూ బహిరంగంగా తలపడలేదు గానీ, ప్రాణాలు పోయింది కొరియా, వియత్నాం, అఫ్ఘానిస్తాన్ ప్రజలవి.

ఆయుధాల ఖర్చుతో సోవియట్ బొక్కసం కుంగింది. గోర్బచేవ్ రాజీబాట పట్టాడు. 1989 నవంబరు 9న గోడ దారులు తెరుచుకున్నాయి. 1991 డిసెంబరులో సోవియట్ యూనియనే అంతరించింది.

చూశారా! అనుమానం ఒక్క రాత్రిలో వేసిన కంచె తొలగడానికి 28 ఏళ్లు పట్టింది. ఇరుగుపొరుగుతో మెలిగే మనకూ ఇది పాఠమే.