వేరు కాపురం పెట్టిన సర్వర్

ఇంటిగ్రేషన్ సర్వర్ పాత సామాను, మైక్రోసర్వీసెస్ రన్‌టైమ్ కొత్త తరం అన్న మాట బెంగళూరు ఐటీ ఆఫీసుల్లో స్థిరపడిపోయింది. వెనక్కి వెళ్లి చూస్తే అది సగమే నిజం. కంపెనీల సాఫ్ట్‌వేర్లను ఒకదానితో ఒకటి కలిపే ఈ రెంటికీ పుట్టిల్లు వెబ్‌మెథడ్స్. 1996లో అమెరికాలో పుట్టిన అది 2007లో జర్మనీ సంస్థ సాఫ్ట్‌వేర్ ఏజీ చేతికీ, 2024లో ఐబీఎం చేతికీ వెళ్లింది. సాఫ్ట్‌వేర్ ఏజీకి బెంగళూరులోనూ అభివృద్ధి కేంద్రం ఉండేది. వెబ్‌మెథడ్స్ ఇంటిగ్రేషన్ సర్వర్ అచ్చం ఉమ్మడి కుటుంబం. శాప్ నుంచి వచ్చే ఆర్డరు, బ్యాంకుకు పోయే చెల్లింపు, గోదాము లెక్క అన్నీ 5555 పోర్టు వెనక ఒకే జావా ప్రాసెస్‌లో కాపురం. ఒక ప్యాకేజీ, అంటే ఒక పనికి రాసిన సర్వీసుల మూట, మెమరీ అంతా మింగేస్తే, దానితో ఏ సంబంధం లేనివి కూడా పడకేస్తాయి. రీస్టార్ట్ కొట్టాలంటే నాలుగు టీముల అనుమతి కావాలి, ఆపైన శనివారం అర్ధరాత్రి ముహూర్తం.

2013లో సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్లలో సర్దే డాకర్, మరుసటి ఏడు ఆ కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ వచ్చాయి. 2014 మార్చిలో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ రాసిన వ్యాసంతో, పెద్ద సాఫ్ట్‌వేర్‌ను చిన్న సర్వీసులుగా విడగొట్టే మైక్రోసర్వీసెస్ పేరు అందరి నోటా పడింది. ఆ అక్టోబరు 6న ఫ్లిప్‌కార్ట్ తొలి బిగ్ బిలియన్ డే రద్దీకి తడబడింది. మర్నాడు వ్యవస్థాపకులు రాసిన క్షమాపణ లేఖలో, దాదాపు 5000 సర్వర్లు సిద్ధం చేశామనే ఉంది. యంత్రాలు పెంచినంత మాత్రాన గట్టెక్కలేమని బెంగళూరుకు తెలిసొచ్చింది. వెబ్‌మెథడ్స్ మాత్రం కొత్త ఇంజను కట్టలేదు, ఉన్నదాన్నే కంటైనర్‌లో ఇమిడేలా చేసింది. అదే మైక్రోసర్వీసెస్ రన్‌టైమ్. పాత ప్యాకేజీలు అందులోనూ నడుస్తాయి. పాత సర్వర్‌కు రన్‌టైమ్ లైసెన్సు తగిలించినా ఆ సదుపాయాలే వస్తాయి.

అయితే ఇదంతా ఉత్త పేరు మార్పేనా అని అడగొచ్చు. అలా కొట్టిపారేయలేం. డేటాబేసు చిరునామా, పాస్‌వర్డు లాంటివి కంటైనర్ లేచేటప్పుడు బయటినుంచి అందించవచ్చు. కుబర్నెటీస్ ఆ కంటైనర్ క్షేమం అడుగుతుంటుంది, జవాబు రాకపోతే చంపి ఇంకొకటి లేపుతుంది. అవతలి సర్వీసు వరసగా విఫలమైతే సర్క్యూట్ బ్రేకర్ కాసేపు దాన్ని పిలవడమే మానేస్తుంది. మరి వేరు కాపురాలకు ఖర్చు లేదా? బోలెడు. ఒకే ప్రాసెస్‌లో తేలిగ్గా జరిగిన పిలుపు ఇప్పుడు నెట్‌వర్క్ దాటాలి. టైమ్‌అవుట్ అయిన చెల్లింపు మళ్లీ పంపితే రెండుసార్లు కట్ కాకుండా చూసుకోవాలి. తప్పెక్కడుందో పట్టుకోవడానికి పది చోట్ల లాగ్‌లు వెతకాలి. అరుదుగా మారే పది ఇంటర్‌ఫేస్‌లున్న కంపెనీకి ఉమ్మడి సర్వరే చవక. ఒక టీము మరో టీమును అడక్కుండా తన మార్పు విడుదల చేయాల్సిన చోటే రన్‌టైమ్ ఖర్చు గిట్టుబాటవుతుంది. నలభై ప్యాకేజీల్ని ఒకే కంటైనర్‌లో కుక్కినవాళ్లు, డబ్బు పోసి పాత సర్వర్‌నే మళ్లీ కొన్నట్టు.