శస్త్రధారణ – అధికారమా, అర్హతా?

శస్త్రం ఆర్తరక్షణకు సాధనమా, లేక ధరించినవాని చిత్తాన్నే కలుషితం చేసే విషమా? సామాన్య గృహస్థుని చేతిలో మహాయుధం ఉండవచ్చునా? ఈ సందేహం నేడు పుట్టినది కాదు. ఆదికావ్యంలోనే సీతారాముల సంవాదరూపంలో ఇది కనిపిస్తుంది.

దండకారణ్య మునులకు రాక్షససంహారం చేస్తానని శ్రీరాముడు మాట ఇచ్చిన పిమ్మట, జానకీదేవి ఒక పూర్వవృత్తాంతం చెబుతుంది. ఇంద్రుడు భటవేషంలో ఒక తాపసి ఆశ్రమానికి వచ్చి, తన ఖడ్గాన్ని దాచమని ఇచ్చి వెళ్ళాడు. అప్పగించిన వస్తువును కాపాడటం ధర్మమే కనుక, ఆ ముని కందమూలాలకు వెళ్ళినా ఖడ్గాన్ని విడువలేదు. ఆ నిత్యసాహచర్యం వల్ల క్రమంగా బుద్ధి క్రౌర్యం వైపు మళ్ళింది, తపస్సు నశించింది, చివరకు నరకం ప్రాప్తించింది. శ్రీరాముడు ఈ హితవాక్యాన్ని నిరాకరించలేదు. అయితే ఆర్తుల మొర వినబడకుండా చేయడానికే క్షత్రియుడు ధనుస్సు ధరిస్తాడని, శరణు కోరినవారికిచ్చిన మాట తప్పరాదని సమాధానమిచ్చాడు. ఇరువురి మాటలూ సత్యములే.

అర్హత మాట మహాభారతంలోని సౌప్తికపర్వం తేటపరుస్తుంది. ద్రోణాచార్యుడు బ్రహ్మశిరోనామకాస్త్రాన్ని కుమారుడైన అశ్వత్థామకు మనసొప్పకయే ఉపదేశించి, ఎంతటి ఆపదలోనైనా మనుష్యులపై ప్రయోగించరాదని శాసించాడు. అయినా అశ్వత్థామ ప్రయోగించాడు. వ్యాసనారదులు అడ్డునిలువగా, బ్రహ్మచర్యనిష్ఠ గల అర్జునుడు తన అస్త్రాన్ని ఉపసంహరించగలిగాడు. అశ్వత్థామ వల్ల కాలేదు. ఆ అస్త్రం పాండవస్త్రీల గర్భాలపైకి మళ్ళింది. అస్త్రం ఇరువురికీ ఉంది, ఉపసంహారశక్తి ఒక్కరికే ఉంది.

ధర్మశాస్త్రం, రాజనీతి ఈ రెండు పక్షాలనూ సమన్వయించాయి. ధర్మానికి అవరోధం కలిగినప్పుడు, ఆత్మరక్షణకు ద్విజులు సైతం శస్త్రం పట్టవచ్చునని మనుస్మృతి అనుమతించింది. శస్త్రకవచాలను ఆయుధాగారంలో చేర్చాలని, ముద్రతో అనుమతి పొందినవారు తప్ప ఇతరులు సాయుధులై సంచరించరాదని కౌటిల్యుడు విధించాడు.

ఆంగ్లపాలనలో ఈ అనుమతి పద్ధతి వికృతరూపం దాల్చింది. లిట్టన్ వైస్రాయిగా ఉండగా వచ్చిన 1878 నాటి ఆయుధచట్టం భారతీయులకు లైసెన్సు విధించి, ఐరోపావారిని మినహాయించింది. అది ప్రజారక్షణ కాదు, ప్రజలపై అవిశ్వాసం. అహింసావ్రతుడైన గాంధీజీ సైతం దానిని తీవ్రంగా గర్హించాడు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు ఆయుధాల కోసం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపైనే దాడి చేయవలసివచ్చింది.

స్వతంత్ర భారతం 1959లో కొత్త చట్టం తెచ్చింది. జాతిభేదం తొలగింది, లైసెన్సు నిలిచింది. ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య 2019 సవరణతో మూడు నుండి రెండుకు తగ్గింది. వరుసగా గుళ్ళు కురిపించే స్వయంచాలిత తుపాకులు సామాన్య పౌరునికి నిషిద్ధములే.

ప్రజలను నిరాయుధులను చేసి రక్షణ కల్పించని రాజు దోషి. ఉపసంహరించలేని శక్తిని కోరేవాడూ దోషియే. ప్రాణరక్షణకు, అనుమతితో, పరిమితమైన శస్త్రం ధర్మసమ్మతం. క్షణికక్రోధంలో అనేకుల ప్రాణాలు హరించగల మహాయుధం మాత్రం వ్యక్తి గృహంలో ఉండదగదు. క్రోధం వచ్చినప్పుడు ఎవడు అర్జునుడో, ఎవడు అశ్వత్థామయో ముందుగా చెప్పగలవారు లేరు. ద్రోణుడంతటి గురువు కూడా కన్నకొడుకును వారించలేకపోయాడు.

స్వస్తి.