పుట్టింటి బిళ్ళ, అత్తింటి బిళ్ళ

మా అమ్మమ్మ పుట్టింది బెజవాడలో, మెట్టింది వరంగల్‌లో. ఆవిడ ట్రంకుపెట్టెలో ఉత్తరాలు రెండు కట్టలుగా ఉండేవి. పుట్టింటి కవర్ల మీద కిరీటంతో జార్జి చక్రవర్తి, హైదరాబాదులోని ఆడపడుచు రాసిన వాటి మీద గోధుమరంగు చార్మినారు! రెండూ తపాలా బిళ్ళలే. కానీ ఒకరి బిళ్ళ ఇంకొకరి దగ్గర చెల్లదు.

నిజాం రాజ్యానికి సొంత తపాలా ఉండేదండీ. మొదటి బిళ్ళ 1869లో వచ్చింది. ఆ ఏడే గద్దెనెక్కిన ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఇంకా పసివాడు, వ్యవహారమంతా దివాను సాలార్‌జంగ్‌ది. 1871లో వచ్చిన బిళ్ళల మీద వెల ఇంగ్లీషు, పారసీ లిపులతోపాటు మరాఠీలోనూ, మన తెలుగులోనూ ఉండేది. దర్బారులో మన భాషకు పీట వేయకపోయినా, బిళ్ళ అంచున ఇంత చోటు దొరికిందన్నమాట.

ఇంకో చిత్రం చూశారా? ఆ బిళ్ళల మీద నిజాం ముఖం ఎక్కడా కనబడదు. 1931లో బొమ్మల బిళ్ళలు వేసినప్పుడు అణా బిళ్ళకి చార్మినారు, రెండణాలకి హైకోర్టు, నాలుగణాలకి ఉస్మాన్‌సాగర్ చెరువు, ఎనిమిదణాలకి అజంతా గుహల ద్వారం పెట్టారు. 1937లో ఏడో నిజాం రజతోత్సవం జరిగింది. ఉత్సవం ఆయనది, బొమ్మలు మాత్రం ఆస్పత్రులవీ, ఉస్మానియా విశ్వవిద్యాలయానివీ!

ఇంత అందమైన బిళ్ళ రాజ్యం పొలిమేర దాటితే వట్టి కాగితం ముక్కే. వరంగల్ నుంచి ఔరంగాబాదు దాకా హాయిగా వెళ్ళే ఉత్తరం, దగ్గర్లోని బెజవాడకి వెళ్ళాలంటే ఇంగ్లీషువాళ్ళ బిళ్ళ కావాలి. అత్తింటివాళ్ళకి రాసినంత సులువుగా అమ్మకి రాయడానికి లేదు. అందుకే కాబోలు, అమ్మమ్మ పోపుల డబ్బాలో చిల్లరతోపాటు జార్జిగారి బిళ్ళలు రెండు ఎప్పుడూ దాచి ఉంచుకునేదట. తాతగారికి కూడా చెప్పకుండా!

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1950 ఏప్రిల్ 1 నుంచి నిజాం తపాలా కూడా కలిసిపోయింది. ఆ తర్వాతి కవర్లు చూస్తే రెండు కట్టల్లోనూ ఒకటే రకం బిళ్ళలు. ఏది పుట్టింటిదో తెలియాలంటే దస్తూరీ చూసుకోవలసిందే.