పులిని కొట్టినవాడే మగాడా? మన కొండల్లో వేట కథ

2022 మే నెలాఖర్లో మా అన్నవరం చుట్టుపక్కల ఎవరి నోట విన్నా ఒకటే మాట, పులి. ముందు ప్రత్తిపాడు మండలంలో గేదెల్ని చంపింది. ఫారెస్ట్ వాళ్ళు చెట్లకి కెమెరాలు కట్టారు, ఎర పెట్టి బోన్లు పెట్టారు. ఆ పులి కెమెరాలో పడింది గానీ బోనులో పడలేదు. కొన్ని వారాలు మన మండలాల్లో తిరిగి తిరిగి అనకాపల్లి జిల్లా వైపు వెళ్ళిపోయింది.

దానికి సరిగ్గా రెండు నెలల ముందు, మార్చి 25న, ఆర్ఆర్ఆర్ రిలీజైంది. ఎన్టీఆర్ ఇంట్రో గుర్తుందిగా? అడవిలో పులికి ఎదురు నిలబడి గర్జిస్తాడు, థియేటరంతా ఈలలు. ఆ సీన్ చివర్లో భీమ్ ఆ పులికి క్షమాపణ చెబుతాడు. నేను చూసిన రీల్స్‌లో మాత్రం ఆ ముక్క ఎక్కడా లేదు. గర్జన వరకే కట్ చేసి పెట్టుకున్నారు.

సో, ఈ రోజు ప్రశ్న ఇది. పులిని ఓడిస్తేనే మగాడు అనే లెక్క మనకి ఎక్కడి నుంచి వచ్చింది? "అనాదిగా ఉన్నదే కదా బ్రో" అంటారు చాలామంది. సగం నిజం. మిగతా సగం చూద్దాం.

1878లో బ్రిటిష్ వాళ్ళు ఆయుధాల చట్టం తెచ్చారు. తుపాకీ ఉండాలంటే లైసెన్స్ కావాలి. యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చారు. అంటే పెద్ద జంతువుని తుపాకీతో కొట్టడం అనేది కలెక్టరు దొరకి, పోలీసు దొరకి, జమీందారుకి, రాజుగారికి మిగిలిన పని. వాళ్ళకది పొట్టకూటి పని కాదు, హోదా. పులి మీద బూటుకాలు పెట్టి, తుపాకీ నేలకి ఆనించి దిగిన ఫోటోలు మీరు చూసే ఉంటారు. ఆ ఫోటోయే పాయింటు. ఒకరకంగా అప్పటి ప్రొఫైల్ పిక్ అండి అది.

ఆ ఫోటోలో కనపడనిది చెప్తాను. దొర మంచె మీద కూర్చుంటాడు, లేదా ఏనుగు మీద. కింద ఊరివాళ్ళు డప్పులు కొట్టుకుంటూ, కేకలు వేసుకుంటూ, పొదల్లోంచి పులిని అటు తోలాలి. పులి వెనక్కి తిరిగితే ముందు దొరికేది వాళ్ళే. ధైర్యం కింద నడిచేవాడిది, పేరు పైన కూర్చున్నవాడిది. 1911లో ఐదో జార్జి చక్రవర్తి నేపాల్ వేటకి వెళ్తే, పది రోజుల్లో ఆ బృందం 39 పులుల్ని చంపింది. ఒక్క సెలవు ట్రిప్పులో!

మన తెలుగువాడు కూడా ఉన్నాడండి ఈ కథలో. విజయనగరం రాజకుమారుడు విజ్జీ. 1936లో ఇంగ్లండు వెళ్ళిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆటగాడిగా ఆయన గొప్పేమీ లేదని క్రికెట్ చరిత్ర రాసినవాళ్ళంతా దాదాపు ఒప్పుకుంటారు. కానీ 300కి పైగా పులుల్ని కొట్టానని చెప్పుకునేవాడట. తర్వాత కామెంటేటర్ అయ్యాక ఒకసారి తన వేట గొప్పలు చెబుతుంటే, వెస్టిండీస్ ఆటగాడు రోహన్ కన్హాయ్, "ట్రాన్సిస్టర్‌లో మీ కామెంటరీ పెట్టి ఉంటారు, పులులు విసుగొచ్చి చచ్చి ఉంటాయి" అన్నాడని ఒక కథ తిరుగుతుంది. కథ కథే అనుకోండి. కానీ ఒక మనిషి పేరుకి 300 పులులు అనే అంకె దగ్గర నాకు నవ్వు ఆగిపోతుంది. ఎందుకంటే 1972లో మొదటిసారి దేశమంతా పులుల్ని లెక్కపెడితే తేలింది 1,827.

మరి కొండల్లో ఉండేవాళ్ళ సంగతి? వాళ్ళు వేటాడలేదా అంటే, శుభ్రంగా వేటాడారు. మన్యంలో చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు గుంపుగా వేటకి వెళ్ళేవాళ్ళు. ఉత్త చేతుల్తో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఎగతాళి చేసేవాళ్ళు. కాబట్టి అక్కడ మగతనం లెక్కలు లేవు అని నేను చెప్పను. ఉన్నాయి. కాకపోతే దానికొక రోజుందీ, ఒక సీజనుందీ, దొరికింది ఊరంతా పంచుకుని తినే పద్ధతుందీ. గోడకి తగిలించుకోవడానికి చంపడం వేరే సంగతి.

ఇక్కడ కథ తిరగబడుతుంది చూడండి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు ఫారెస్టు అని గీత గీశారు. పోడు కొట్టడం, పశువుల్ని మేపుకోవడం, కట్టెలు తెచ్చుకోవడం, ఏది చేసినా ఇక నేరమే. అడవిని పాడుచేసేది కొండవాడు, కాపాడేది సర్కారు, ఇదీ వాళ్ళ వాదన. ఓడలకీ రైలు పట్టాలకీ కలప లాక్కెళ్ళిందీ, పులుల్ని ట్రోఫీలకి చంపిందీ మాత్రం ఆ పెద్దమనుషులే.

ఆ కోపం ఎక్కడ పేలిందో మీకు తెలుసు. 1922 ఆగస్టు 22, 23, 24. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు మనుషులు 26 తుపాకులు పట్టుకెళ్ళారు. 1878 చట్టం గుర్తుపెట్టుకుని ఇది వినండి. ఎవరి చేతిలో తుపాకీ ఉండకూడదని రాసుకున్నారో, వాళ్ళ చేతికే వెళ్ళింది. మరుసటి ఏడాది ఏప్రిల్లో రాజు మన అన్నవరం కూడా వచ్చాడు. మన ఊరికి ఇది మామూలు విషయమా అండి?

స్వాతంత్ర్యం వచ్చాక కూడా వేట సరదా చాన్నాళ్ళు నడిచింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1973లో ప్రాజెక్ట్ టైగర్ వచ్చాక ఆ ఫోటో మూతపడింది. ఫోటో పోయింది గానీ దాని మీద మోజు పోలేదు, సినిమాలోకి మారింది. అడవి మీద గెలిచేవాడే ఇప్పటికీ హీరో. జంతువు పోయి చెట్టు వచ్చిందంతే.

అవునండి, పుష్ప గురించే చెప్తున్నాను. 2021 డిసెంబర్లో వచ్చింది. షూటింగ్ చాలావరకు మన మారేడుమిల్లి అడవుల్లోనే. అసలు ఎర్రచందనం సహజంగా పెరిగేది అక్కడ కాదు, కడప, చిత్తూరు వైపు శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో. ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని చెట్టు. సినిమా నాకూ నచ్చింది, అల్లు అర్జున్‌కి జాతీయ అవార్డు వస్తే మా వీధిలో కూడా టపాసులు పేలాయి. కానీ "తగ్గేదే లే" అని గెడ్డం కింద చెయ్యి పోనిచ్చే ప్రతివాడికీ 2015 ఏప్రిల్ 7 తెలియాలి. ఆ తెల్లవారుజామున శేషాచలంలో 20 మంది పోలీసు కాల్పుల్లో చనిపోయారు. తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. ఎన్‌కౌంటర్ అని పోలీసులు, కాదని హక్కుల సంఘాలు. ఏదేమైనా చచ్చిపోయింది గొడ్డలి పట్టిన కూలివాళ్ళు. దుంగల మీద కోట్లు చేసుకున్నవాడు అక్కడ లేడు. పాత వేటలో మంచె మీదవాడూ కిందవాడూ ఎలాగో, ఇదీ అలాగే.

మళ్ళీ మన పులి దగ్గరకి వద్దాం. వయసొచ్చిన మగపులి తల్లిని వదిలేసి సొంత ఇలాకా వెతుక్కుంటూ బయల్దేరుతుంది. అడవి ఒకదానికొకటి తగిలి ఉంటే ఎవరికీ తెలియకుండా నడిచిపోతుంది. మధ్యలో జీడితోటలు, పామాయిల్ తోటలు, రోడ్లు, క్వారీలు వస్తే ఊళ్ళ మీదుగా రావాల్సిందే. అది మన మీదకి యుద్ధానికి రాలేదండి, దారి లేక వచ్చింది.

ఆ రోజుల్లో గేదె పోయిన రైతుకి నష్టం నిజం, తెల్లవారుజామున పాలు పితకడానికి వెళ్ళలేని ఇల్లాలి భయం నిజం. వాళ్ళెవరూ పులితో కలబడాలనుకోలేదు, పశువుల్ని పాకలోకి తోలి తలుపేసుకున్నారు. వాళ్ళని పిరికివాళ్ళని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మీ ఇళ్ళల్లో తాతల కాలం నాటి వేట కథలుంటే అడిగి రాసి పెట్టండి. మంచె మీద కూర్చున్నవాళ్ళ కథలు పుస్తకాల్లో బోలెడున్నాయి. నాకు డప్పు కొట్టినవాళ్ళ కథలు కావాలి.